రవ్వంత శ్రుతి

పొన్నూరులో మా అత్తవారింటికి నిడుబ్రోలు స్టేషనులో దిగి వచ్చే చుట్టాలు ఎంతటివారైనా సరే, చేతులు కడుక్కోనిదే హాల్లోని గారార్డు రికార్డు ప్లేయరు మూత ఎత్తకూడదు. మామయ్యగారి శాసనమది. చాదస్తమనుకునేరు! నూర్పిళ్ల రోజుల్లో ఊకదుమ్ము ఎంతలా లేస్తుందో మా ఊరివాళ్లనడగండి. ఎల్పీ మీది గాడి తలవెంట్రుకంత సన్నం. అందులో నలుసు పడిందంటే పాట వెనక పోపు చిటపటలే.

ముళ్ల విషయంలో ఆయన మరీ నిక్కచ్చి. పాత 78 ప్లేట్ల గాడి వెడల్పు. వాటికొక ముల్లు, ఎల్పీలకి అందులో మూడోవంతు మొన ఉన్నది ఇంకొకటి. సన్నముల్లు 78 మీద పెడితే గాడి అడుగుకి దిగిపోతుంది. పాటకన్న బుసే ఎక్కువ వినిపిస్తుంది.

లోపల మోటారు ఒక రబ్బరుచక్రాన్ని, ఆ చక్రం పళ్లేన్ని తిప్పుతాయి. రబ్బరుకి జిడ్డంటితే పట్టు జారి వేగం తగ్గుతుంది. దాంతోపాటే శ్రుతీ దిగుతుంది. ఘంటసాలవారు 1974లో కన్నుమూయకముందు పాడి వెళ్లిన భగవద్గీత పెడితే, ఆ తేడాని మామయ్యగారు వీధి అరుగు మీంచే పట్టేసేవారు. ఆయనతో వినగా వినగా ఆ చెవి నాకూ కాస్త అబ్బింది.

నిరుటినుంచి ఆయనకి వినికిడి తగ్గింది. చెవిలో మిషను పెట్టుకుంటే పాట రేకుడబ్బాలో మోగినట్టుందని తీసేస్తారు. మొన్న పండక్కి వచ్చిన మనవడు దీన్ని అమ్మేద్దామన్నాడు. ఇలాంటివాటికి ఇప్పుడు మంచి ధర పలుకుతోందట. మామయ్యగారు మాట్లాడలేదు. సాయంత్రం గీత రికార్డు పెట్టి, తన పడకకుర్చీలో నన్ను కూర్చోమన్నారు.

“శ్రుతి సరిగ్గా ఉందా, అమ్మాయ్?”

“రవ్వంత దిగింది, మామయ్యగారూ.”

పళ్లెం పైకి తీసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో రబ్బరుచక్రం తుడవడం మొదలుపెట్టారు.