వీధికుక్క మొరిగితే దొంగే వచ్చాడనుకోవాలా?



పోయిన నెల ఉత్తరంలో పార్కిన్సన్స్ జబ్బు గురించి నాలుగు ముక్కలు రాశాను. మీ జవాబుల్లో రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. "నాన్నగారికి పార్కిన్సన్స్ ఉంది, రక్తపరీక్షలో సి.ఆర్.పి. ఎక్కువొచ్చింది, జబ్బు ముదిరినట్టేనా?" అని కొందరు. "చెయ్యి కాస్త వణుకుతోంది, సి.ఆర్.పి. చేయించుకుంటే తేలిపోతుందా?" అని ఇంకొందరు. మొదటిదానికి నా జవాబు, అలా అనుకోనక్కర్లేదు. రెండోదానికి, తేలదు. అయితే మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

సి.ఆర్.పి. కాలేయంలో తయారయ్యే ఒక ప్రొటీన్. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీని జాడ పట్టారు. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా, దెబ్బ తగిలినా రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం చేత కబురు పంపుతాయి. అది అందగానే కాలేయం సి.ఆర్.పి.ని రక్తంలోకి వదులుతుంది. ఇది వీధికుక్కల మొరుగుడు లాంటిది. అర్ధరాత్రి కుక్కలు మొరిగాయంటే ఎవరో వచ్చారని తెలుస్తుంది. వచ్చింది దొంగా, ఆఖరి బస్సు దిగిన చుట్టమా అన్నది తలుపు తీసి చూస్తేగానీ తెలియదు. చిగుళ్ళకు చీము పట్టినా, కీళ్ళవాతం ఉన్నా, ఒళ్ళు బాగా పెరిగినా ఈ అంకె పెరుగుతుంది.

మరి పార్కిన్సన్స్ ఊసు ఇందులోకి ఎలా వచ్చింది? ఈ జబ్బులో నశించే కదలికలకు కావలసిన డోపమిన్‌ను తయారుచేసే కణాలు మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి పట్టీలో ఉంటాయి. 1988లో కెనడాలోని వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్ బృందం చనిపోయిన రోగుల మెదళ్ళను పరీక్షించింది. సరిగ్గా ఆ చోటే మైక్రోగ్లియా అనే కాపలా కణాలు రెచ్చిపోయి కనిపించాయి. ఇంట్లోని కుక్క కూడా మొరుగుతోందన్నమాట. లోపల అంత గోల జరుగుతుంటే వీధిలోకి, అంటే రక్తంలోకి వినిపించదా?

వినిపించింది. 2016లో 25 పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కగడితే, సుమారు పదిహేను వందల మంది రోగుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, అలాంటిదే అయిన టి.ఎన్.ఎఫ్., సి.ఆర్.పి. మామూలు వాళ్ళకన్నా సగటున ఎక్కువగా తేలాయి. అదే ఏడు కేంబ్రిడ్జ్, న్యూకాజిల్ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. కొత్తగా జబ్బు బయటపడిన 230 మందిని మూడేళ్ళు గమనిస్తే, రక్తంలో ఇలాంటి సూచికలు కొన్ని కలిసి పెరిగినవాళ్ళలో కదలికలు త్వరగా దెబ్బతిన్నాయట. అంతకుముందు, 2008లో, హార్వర్డ్ వాళ్ళు జబ్బు బయటపడక ముందే తీసి దాచిన రక్తాన్ని పరీక్షించారు. తర్వాత జబ్బు పడ్డవాళ్ళలో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉంది. మీరంతా అడుగుతున్న సి.ఆర్.పి.కి మాత్రం సంబంధం కనిపించలేదు!

"సగటున" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. పదో తరగతి పిల్లల సగటు ఎత్తు తొమ్మిదో తరగతి వాళ్ళకన్నా ఎక్కువే. అలాగని బడి గేటు దగ్గర ఒక పిల్లవాడి ఎత్తు చూసి వాడిది ఏ తరగతో చెప్పగలమా? రక్తంలోని ఈ అంకెలూ అంతే. గుంపు గురించి చెబుతాయి, మీ నాన్నగారి గురించి చెప్పలేవు. అందుకే న్యూరాలజిస్టు ఇప్పటికీ మనిషిని నడిపించి, వేళ్ళు ఆడించమని, చెయ్యి వంచి బిగువు చూసి జబ్బును పోల్చుకుంటాడు. వణుకు ఒక్కటే ఉంటే అది థైరాయిడ్ వల్లా కావచ్చు.

ఇంకో మాట. కాపలా కణాల ఈ గోలే, అంటే వాపే, కారణమైతే వాపు తగ్గించే మాత్రలు వేసుకుంటే సరి కదా అని ఒకాయన రాశారు. ఐబుప్రొఫెన్ వాడేవాళ్ళలో ఈ జబ్బు కాస్త తక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. కానీ ఆ మాత్ర జబ్బును ఆపుతుందని రుజువు కాలేదు. రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

అలాగని సి.ఆర్.పి. పరీక్ష దండగ అనను. మా మేనమామకు ఎనిమిదేళ్ళుగా పార్కిన్సన్స్. నిరుడు వానాకాలంలో రెండు రోజుల్లోనే మంచం దిగలేని స్థితికొచ్చాడు, మాట తడబడింది, మనుషుల్ని గుర్తుపట్టడంలోనూ తేడా వచ్చింది. జబ్బు ముదిరింది, మందు డోసు పెంచాలని ఇంటిల్లిపాదీ తీర్మానించేశాం. డాక్టరు మాత్రం ముందు రక్తకణాల పరీక్ష (సి.బి.పి.), సి.ఆర్.పి., మూత్ర పరీక్ష రాశారు. సి.ఆర్.పి. అరవై దాటింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్! జ్వరం లేదు, మంట ఉందని ఆయన చెప్పనూ లేదు. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యేసరికి మావయ్య మళ్ళీ వీధరుగు మీద కూర్చుని పేపరు చదవసాగాడు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా కదలిక ఇలా ఒక్కసారిగా కుంగిపోవచ్చు.

కాబట్టి ఇకమీదట రిపోర్టు ఫొటో పంపేటప్పుడు ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో కూడా ఒక ముక్క రాయండి. దగ్గుందా, పన్ను నొప్పా, మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారు, మలబద్ధకం ఉందా? నాకు రాసే ముందు మీ డాక్టరుకు చెప్పండి. అన్నట్టు, మావయ్య ఇది చదువుతాడు. "నా మూత్రం సంగతి ఊరంతా చాటావట్రా" అని ఫోను చేయడం ఖాయం.

ఉంటాను,
మీ ఉత్తరాల నేస్తం