బల్లిపిల్లల అన్నప్రాశనము

తెలుగువారి యింట బల్లి పెంపుడు జంతువు కాదు, పెంచకయే పెరుగునది. గోడ గడియారము వెనుకనో, దేవుని పటము చాటుననో కాపురముండి, దీపము వెలిగినతోడనే వేటకు వెడలి, మనము మాటాడుచున్న మాట నడుమ టిక్కుమని పలికి ఆ మాటకు సత్యమను ముద్ర వేసి, పొరపాటున మీద పడినచో మనచేత పంచాంగములోని బల్లిపాటు పట్టికను వెదకించి, తక్కిన కాలమంతయు మన గొడవ తనకేల యన్నట్లు బ్రదుకు నా ప్రాణి గుడ్డెక్కడ పెట్టెనో, పిల్ల యెన్నడు వెలువడెనో, ఆ పిల్ల తొలుత నేమి తినెనో విచారించినవారు మనలో అరుదు. కంచి వరదరాజస్వామి కోవెలలో బంగారు బల్లిని తాకి పుణ్యము కట్టుకొనివచ్చిన వారు సైతము ఇంటిబల్లిని చీపురుతో తరుముదురు.

అట్టి సంప్రదాయమున పెరిగిన నేను, అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమున, బల్లిపిల్ల యింకను నోరు తెరవలేదని ఇంటిల్లిపాదితోపాటు దిగులుపడి కూర్చుండు రాత్రులు వచ్చునని యెవరైన ముందుగా చెప్పినచో నవ్వియుందును. మా అమ్మాయి పెంచుచున్న లెపర్డ్ గెక్కోల జంట గుడ్లు పెట్టుటయు, వానిని ఆమె తడి వర్మిక్యులైటు నింపిన డబ్బాలో అమర్చి ఇంక్యుబేటరున పొదిగించుటయు, సరిగా ఆ సమయముననే మా అత్తగారు విశాఖపట్టణమునుండి మా యింటికి విచ్చేయుటయు ఒకేమారు సంభవించినవి.

లెపర్డ్ గెక్కో మన గోడబల్లివంటిది కాదు. దాని వ్రేళ్లకు గోడనంటుకొను మెత్తలు లేవు. మన బల్లికి లేని కనురెప్పలు దానికి కలవు. లావైన తోకలో క్రొవ్వు దాచుకొని కఱవు కాలమును గడపుకొనును. ఆఫ్ఘనిస్థానము, పాకిస్థానము, వాయవ్య భారతమునందలి రాతి మెట్టలు దాని పుట్టినిల్లు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమునకు క్యూరేటరుగా నుండిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీనికి శాస్త్రనామము పెట్టెను. నేడు అమెరికా అంగళ్లలో అమ్ముడుపోవునవి తరతరములుగా ఈ గడ్డమీదనే పెట్టెలలో పుట్టి పెరిగినవి. ఆ లెక్కను అవి మాకంటె పాతకాపులైన ప్రవాసులు. దీని దాయాది యొకటి మా విశాఖ ప్రాంతపు కొండలలో అనాదిగా నివసించుచుండగా, దానిని యూబ్లెఫారిస్ పిక్టస్ అను వేఱు జాతిగా శాస్త్రజ్ఞులు పేర్కొన్నది 2022లో మాత్రమే. ఈ సంగతి విన్నపిదప అత్తగారు ఆ పెట్టెవైపు కొంత బంధుభావముతోనే చూడసాగిరి.

ఈ జాతిలో ఆడ, మగ భేదమును నిర్ణయించునది పొదుగు వేడిమి: 26 డిగ్రీల సెల్సియస్ దాపున నుంచిన గుడ్లనుండి దాదాపు అన్నియు ఆడపిల్లలే వెలువడును, 32, 33 డిగ్రీల నడుమ మగవి హెచ్చు, ఇంకను రెండు డిగ్రీలు పెంచినచో మరల ఆడవియే. అమ్మాయి ఆడపిల్లలనే కోరి తక్కువ వేడిమి నుంచినదని తెలిసినపుడు అత్తగారు, ‘మంచి పనే చేశావు తల్లీ’ అని మెచ్చుకొనిరి.

పిల్ల వెలువడు దృశ్యము చూడదగినది. తోలువలె మెత్తనైన గుడ్డుపెంకు మీద ముందుగా చెమట పోసినట్లు చిన్నచిన్న బిందువులు పుట్టును. గుడ్డు కొంచెము క్రుంగును. పిమ్మట పైదవడ కొననున్న సూదులవంటి రెండు పండ్లతో లోపలి ప్రాణి ఒక గీత కోసి, ఆ గీతలోనుండి తల మాత్రము వెలికి నెట్టి, తన రెప్పలు తెరచి లోకమును తేఱిపాఱ జూచుచు చాలసేపు కదలక యుండును. పూర్తిగా వెలువడినదాని పొడవు ఇంచుమించు 8 సెంటీమీటర్లు, బరువు 3 గ్రాములు. పెద్దవానికుండు మచ్చలు లేక, నలుపు పసుపు పట్టెలతో మెఱయుచుండును. అట్టి యల్పప్రాణి, చేయి దగ్గరకు చాచినంతనే నాలుగు కాళ్లమీద నిక్కి, వీపు వంచి, నోరు తెఱచి కీచుమని యఱచును. అత్తగారు మొదటిసారి ఆ కేక విని రెండడుగులు వెనుకకు వేసి, ‘దీని తస్సదియ్యా, ఎంత పొగరే!’ అనిరి. అమ్మాయి ఒకదానికి మిరియమనియు, రెండవదానికి ఆవగింజయనియు పేళ్లు పెట్టినది.

చిక్కు అచటినుండి మొదలైనది. పిల్లలు రెండును తినలేదు. తొలినాడు తినకపోవుట వింత కాదు. గుడ్డులోని పచ్చసొన శేషమును కడుపులోనికి లాగుకొనియే పిల్ల పుట్టును. పుట్టిన ఒకటి రెండు దినములలో తొలిపొర విడిచి, ఆ పొరనే నమలి మ్రింగును. పచ్చసొన కరగువఱకు, అనగా తఱచుగా మూడు నాలుగు దినములు, ఒక్కొకప్పుడు వారము వఱకును, దానికి మన పెట్టుపోతలతో పని లేదు. ఈ లెక్క అమ్మాయికి కంఠోపాఠము. అయినను, ఇంటికి వచ్చిన అతిథి రెండవమారు వడ్డింపవలదన్నచో కూరలో ఉప్పు తక్కువైనదేమోయని నొచ్చుకొను జాతి మనది. మూడు గ్రాముల పసికందు ఉపవాసమున్నదన్న మాట అత్తగారి కెట్లు సహ్యమగును? ‘ఏమే, ఇవాళైనా ముద్ద ముట్టిందా?’ అని ప్రొద్దున నొకమారు, ‘దిష్టి తగిలిందేమో, ఉప్పు తిప్పి పోద్దామా?’ అని సాయంకాల మొకమారు విచారించుచుండిరి.

బల్లి తినకుండుటకు గల కారణములలో మొదటిది చలి. మనకు జఠరాగ్ని లోపల మండును. బల్లికి ఆ యగ్ని బయటినుండి రావలెను. పొట్ట క్రింది నేల 31, 32 డిగ్రీల వేడిమి కలిగియున్నగాని అది మ్రింగినది జీర్ణము కాదు, జీర్ణము కానిచో ఆకలియు పుట్టదు. అందుచేత పెట్టెకు ఒకవైపు అడుగున హీట్ మ్యాట్ పఱచి, దానికి థర్మోస్టాట్ తగిలించి, రెండవవైపు చల్లగా విడువవలెను. రెండవ కారణము భయము. ఒంటరిగా, మఱుగున, తడి నాచు పఱచిన చిన్న గూటిలో నున్నప్పుడే పిల్ల స్థిమితపడును. రెండింటిని కలిపియుంచినచో బలమైనది రెండవదాని తోక కొఱుకును. చీటికిమాటికి మూత తీసి చూచువారుండిన యింట దానికి స్థిమితము కలుగదు. బల్లి మనుష్యునిమీద పడినయెడల కలుగు ఫలములను అంగాంగమునకును వ్రాసిన మన పంచాంగకర్తలు, మనుష్యుని చేయి బల్లిమీద పడినయెడల కలుగు ఫలమును వ్రాయలేదు. వ్రాసియుండినచో ‘నిరాహారము’ అని వ్రాసియుందురు.

మూడవ కారణము ఆహారము తీరు. కదలనిది దాని కంటికి ఆహారమే కాదు. కదలునది మిక్కిలి పెద్దదైనచో అది శత్రువు. పిల్ల రెండు కన్నుల నడుమ దూరమును మించని కీచురాయిని తేవలెను; దానికి ముందుగా క్యారెట్ మేపి, డి3 విటమిన్ కలిసిన కాల్షియం పొడి చల్లి, చీకటి పడు వేళ ఒకటి రెండు మాత్రమే వదలవలెను. పదింటిని ఒకేమారు వదలినచో అవి పిల్లమీది కెక్కి దానిని బెదరించును. రాత్రి మిగిలినవి పిల్లనే కొఱుకును గనుక తెల్లవారకముందే తీసివేయవలెను. ఇసుక పోయరాదు, ఇసుక కడుపులో చేరినచో ప్రేగు మూసికొనును. పేపర్ టవల్ పఱచుట మేలు.

ఇవన్నియు అమర్చి అమ్మాయి పెట్టెకు మూడువైపుల గుడ్డ కప్పి, అమ్మమ్మను చీకటిలో దూరముగా కూర్చుండబెట్టినది. గూటినుండి మిరియము తల వెలికి వచ్చినది. కీచురాయి నాలుగడుగులు వేసి ఆగినది. మిరియము మెడ ఒకవైపు వంచి దానినే చూచెను; ఒక్కొక్క కాలే యెత్తి, యెత్తిన కాలిని గాలిలో నిలిపి, మరల మోపుచు సమీపించెను; తోక కొన మాత్రము సన్నగా వణకుచుండెను. మరుక్షణమున దుమికినది. కీచురాయి కాలొకటి పెదవి వెలుపల ఆడుచుండగా రెండుమార్లు కన్నులు మూసి నమలి మ్రింగి, నాలుకతో మూతి నాకుకొని, ఏమియు జరుగనట్లు గూటిలోనికి పోయెను. అత్తగారు చప్పట్లు కొట్టబోయి, మనుమరాలి చూపు చూచి, చేతులు ఒడిలో పెట్టుకొనిరి.

ఆవగింజ అంత సులభముగా లొంగలేదు. కీచురాయిని చూచిన ప్రతిసారియు వెనుదిరిగెను. దవడ విప్పి బలవంతముగా నోట కుక్కుట మాత్రము కూడదు. ఆ లేత దవడ విఱుగును, భయము పాతుకొనును. తోక నానాటికి సన్నగిలినచో సరీసృపముల నెఱిగిన పశువైద్యునొద్దకు కొనిపోవలెను గాని, తోక నిండుగా నున్నంతవఱకు వేచియుండుటయే వైద్యము. అమ్మాయి చిన్న పిండిపురుగును చిదిపి, ఆ రసపు బొట్టును పుల్లతో దాని మూతికి తాకించినది. ఆవగింజ చీదరించుకొన్నట్లు తల విదిల్చి, మూతినంటిన దానిని నాకి, మరల నాకి, పుల్లకొననున్న పురుగువంక తొలిసారిగా ఆసక్తితో చూచెను. ఆ రాత్రి పురుగును చిప్పలో విడిచి అందఱము లేచి వచ్చితిమి. తెల్లవారునప్పటికి చిప్ప ఖాళీగా నుండెను.

మన అన్నప్రాశనమున పాయసము నోటికి తాకించుట పెద్దల పని. ఆపై పుస్తకము, బంగారము మున్నగునవి ముందుంచి, శిశువు దేనివైపు ప్రాకునోయని చేతులు ముడుచుకొని కూర్చుండుటయు పెద్దల పనియే. ఈ రెండవ భాగమును మనము ఒక్క ముహూర్తమునకు పరిమితము చేసి, మొదటిదానిని జన్మాంతము సాగింతుము. మా అమ్మాయి పసితనమున ఆమె వెంట గిన్నె పట్టుకొని ఇల్లంతయు తిరిగిన వారమే మేము. అన్నము పెట్టవచ్చును గాని ఆకలి పెట్టుట యెవరి తరము? వెచ్చని చోటు, చీకటి, తగిన పరిమాణము, తగినంత దూరము అమర్చి తొలగిపోవుటయే పెంపకమున సగమని అమ్మాయి మాకు బోధింపలేదు. బల్లుల విషయమున ఆచరించి చూపినది.

ఆదివారము అత్తగారు విశాఖలోని చెల్లెలితో ఫోనులో మాటాడుచు, ‘తింటున్నారే, ఇద్దరూ శుభ్రంగా తింటున్నారు’ అని మిగుల సంతోషముతో చెప్పిరి. మనుమల ముచ్చటయే యనుకొన్న ఆ యమ్మ, ‘ఏం పెడుతున్నావక్కా?’ అని యడిగినది.

‘కీచురాళ్లే, కాల్షియం చల్లి’ అని అత్తగారు తడుముకొనక బదులిచ్చిరి.