మనోవికాస్ నగర్‌లో చివరి గుండీ

మాది ఆత్మకూర్ అంటే సరిపోదు, వెంటనే ‘ఎస్’ అనాలి. ఎస్ అంటే సూర్యాపేట. అనకపోతే ఆత్మకూర్ (ఎం) దాకా పోయి రావాల్సి వస్తుంది. పేర్లతో ఇన్ని తిప్పలు పడ్డవాణ్ని, హైదరాబాద్‌లో మళ్లీ పేరు దగ్గరే బోల్తాపడ్డాను.

వెంట అక్క, అయిదేళ్ల మేనల్లుడు. వాడికి మాటలింకా రాలేదు, పిలిస్తే తిరిగి చూడడు. తెల్లారకముందే ఆటోలో సూర్యాపేట, అక్కణ్నుంచి బస్సులో ఎల్బీనగర్, తర్వాత మెట్రో. ఎంజీబీఎస్‌లో రైలు మారి పరేడ్ గ్రౌండ్‌లో దిగాం. మా ఊరి ఆటోలకు తలుపులే ఉండవు కదా, వాటంతటవే మూసుకునే తలుపుల్ని చూసి మావాడు ప్రతి స్టేషన్‌లో చప్పట్లు కొట్టాడు. నాకూ కొట్టాలనిపించింది.

కాగితం చూసి ‘ఎన్ఐఈపీఐడీ’ అన్నాను. ముగ్గురు ఆటోవాళ్లకు అర్థం కాలేదు. పిల్లలు, మానసిక ఎదుగుదల అని వివరించబోతే ఒకాయన ‘‘ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కా?’’ అన్నాడు. అక్క మొహం మాడిపోయింది. నాలుగో ఆయన ‘‘బోయిన్‌పల్లి ఎన్ఐఎంహెచ్ అని చెప్పరాదన్నా!’’ అని ఎక్కించుకున్నాడు. బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులున్నవాళ్ల కోసం 1984లో పెట్టిన సంస్థ అది, ఉండేది మనోవికాస్ నగర్‌లో. పేరు మారి ఏళ్లయినా ఆటోల్లో పాత పేరే నడుస్తోంది.

వరండాలో పక్కన కూర్చున్న ఒడిశా ఆవిడ సంచీ విప్పి ముఢి పెట్టింది. తీరా చూస్తే మన మరమరాలే! మేం సకినాలిచ్చాం. ఆమెకు తెలుగు రాదు, అక్కకు హిందీ అంతంతే. అయినా పిల్లల నిద్ర గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో నాకిప్పటికీ అంతుపట్టదు.

నేను మందుల చీటీ కోసం చూస్తున్నాను. ఊళ్లో అడిగేదీ అదే కదా, ‘‘మందేం రాసిండ్రు?’’ అని. లోపల ఒక మేడమ్ మావాడి టీషర్టు మీద గుండీల అంగీ తొడిగింది. పై గుండీలన్నీ తనే పెట్టి, అట్టడుగుదాన్ని కాజాలో సగం దూర్చి వదిలేసింది. వాడు కాసేపు దాన్ని చూసి, పట్టుకుని లాగాడు. అంగీ తొడుక్కోవడం అయిపోయింది! మొదటి గుండీతో మొదలెడితే చివరిదాకా వచ్చేలోపు విసుగొస్తుందట. అందుకే ముందు చివరిది, అది వచ్చాక దాని పైది. గుండీల గొడవెందుకని ఇన్నాళ్లూ టీషర్టులు తొడిగిన ఘనులం మేం. మేడమ్ అంగీ విప్పి అక్క చేతికిచ్చింది, ‘‘ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా’’ అంటూ.

తల్లి చేతే చేయించడం ఉత్త ఊరడింపు అనుకోకండి. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది ఆటిజం పిల్లలతో చేసిన ఉమ్మడి పరిశోధన 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చింది. బ్రిటన్‌లోని ఒక పద్ధతిని మన ఇళ్లకు తగ్గట్టు మార్చి, స్పెషలిస్టులు కాని కార్యకర్తలే ఆరు నెలల్లో 12 సార్లు తల్లిదండ్రులతో కూర్చున్నారు. అమ్మ బిడ్డను ఆడిస్తుంటే వీడియో తీసి, అమ్మకే చూపించి మాట్లాడటం అందులో పని. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. 2018లో అచ్చయిన మరో అధ్యయనం హైదరాబాద్‌తో కలిపి దేశంలో అయిదుచోట్ల 2–9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించింది. ఎదుగుదల, వినికిడి, మూర్ఛ లాంటి ఏదో ఒక ఇబ్బంది దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి కనిపించింది. ఊరు మొత్తంలో మావాడొక్కడే అనుకున్నాం మేం.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ఆటోలో మాత్రం పాత పేరే చెప్పండి. పిల్లవాడికి గుండీల అంగీ తొడగండి.