హెడ్మాస్టరు గదిలో ఒక పూట

ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఊరి పేరూ తన పేరూ రాయొద్దన్నారు హెడ్మాస్టరు. ఆయనకు 57 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో విరమణ వయసు 60 నుంచి 62కి పెరిగింది. అంటే ఇంకా అయిదేళ్ల సర్వీసు ఉంది. 20 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లు మూడు నెలల ముందు నోటీసిచ్చి పెన్షన్‌తో తప్పుకోవచ్చు. ఆయన ఆ నోటీసు ఇచ్చేశారు.

నేను వెళ్లేసరికి ఆయన మరుగుదొడ్ల దగ్గర ఫోను పట్టుకుని ఉన్నారు. ఫొటో యాప్‌లో ఎక్కడం లేదు. సిగ్నల్ కోసం గోడ అవతలికి నడిచి, మళ్లీ తీశారు. అక్కణ్నుంచి వంటగదికి. ట్రేలోంచి ఒక గుడ్డు తీసి దానిమీది రంగు ముద్ర చూశారు. "ఇది పాత సరుకమ్మా, పక్కన పెట్టు" అన్నారు. వంటావిడ తల ఊపి, "మా బిల్లు ఎప్పుడొస్తుంది సార్?" అంది. "వస్తుందిలేమ్మా" అన్నారు. బయటికొచ్చాక, "ఎప్పుడొస్తుందో నాకు తెలిస్తే కదండీ!" అన్నారు నాతో.

ఆయన లెక్కల మాస్టారు. పదో తరగతికి ఇప్పటికీ ఆయనే చెబుతారు. వెనక బెంచీలో కూర్చుని విన్నాను. త్రికోణమితి. బడి ముందున్న సెల్ టవరు ఎత్తు లెక్క కట్టిస్తున్నారు పిల్లల చేత. అందరూ నోటుబుక్కుల మీద వంగి ఉన్నారు. అంతలో మండల ఆఫీసు నుంచి ఫోను. పదకొండింటిలోగా వివరాలు పంపాలట. కిందటి వారం పంపినవే. గుమాస్తా పోస్టు ఖాళీ కాబట్టి ఆయనే వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నారు. తిరిగొచ్చేలోగా బెల్లయింది.

"పని ఎక్కువైందని వెళ్లడం లేదండీ. సంజాయిషీ అంతా నాది, నిర్ణయం ఒక్కటీ నాది కాదు. అదీ నా బాధ" అన్నారు. సైన్సు టీచరు బదిలీ అయ్యాక ఆ ఖాళీ అలాగే ఉంది. కొత్త టీచరును వేయడం ఆయన చేతిలో లేదు. సైన్సులో పిల్లలు తప్పితే మాత్రం మెమో ఆయనకే.

పథకాలను తప్పుపట్టలేం. 2003లో మధ్యాహ్న భోజనం వచ్చింది, పేద పిల్లల కడుపు నిండింది. 2019లో మొదలైన నాడు–నేడుతో ఎన్నో బళ్లకు నీళ్లూ మరుగుదొడ్లూ అమరాయి. ఆడపిల్లలకు అదెంత మేలో చెప్పక్కర్లేదు. కానీ ప్రతి పథకం అజమాయిషీనీ ఆ ఒక్క కుర్చీకే కట్టి, పక్కన మనిషిని ఇవ్వకపోవడం అన్యాయం. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని చాక్‌పీసుకి దూరం చేస్తే ఇంకేం మిగులుతుంది ఆయనకు?

ప్రతి హైస్కూలుకీ ఒక గుమాస్తాను ఇవ్వండి. ఒకసారి పంపిన వివరం మళ్లీ అడక్కండి. పాఠం జరిగే వేళ ఫోను చేయకండి. వీటికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. తల్లిదండ్రులారా, ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఇదీ అడగండి: మా హెడ్మాస్టరుకి గుమాస్తాను ఎప్పుడిస్తారు?