సగం సీసా అత్తరు

దొనకొండలో రైల్వే ఉద్యోగం చేసిన మా నాన్నగారి బట్టలకు వారమంతా ఇంజను నూనె వాసన. శుక్రవారం మాత్రం నమాజుకు బయలుదేరే ముందు అత్తరులో తడిపిన దూదిపింజను చెవి మడతలో ఉంచుకొనేవారు. వారు గతించిన పిదప నాకు మిగిలినది ఆ అత్తరు సీసా.

ఆ పరిమళాన్ని ఇల్లంతా నింపాలన్న తలంపుతో సోయా మైనంతో కొవ్వొత్తి చేయ పూనుకొన్నాను. మైనం పొయ్యిమీద పొగలు కక్కుతుండగానే సగం సీసా వంపేశాను. గది గుమగుమలాడింది. మరునాడు వెలిగిస్తే వెలుగున్నది, వాసన లేదు.

తరువాత తెలుసుకొన్నాను. సోయా మైనం కరిగిన పిమ్మట దించి, సుమారు 80 నుండి 85 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 100 గ్రాములకు 6 గ్రాముల సుగంధ తైలం కలిపి, 2 నిమిషాలు నిదానంగా త్రిప్పాలి. వేడి మితిమీరితే పరిమళం ఆవిరైపోతుంది; చల్లారితే తైలం సరిగా కలవదు; మోతాదు మించితే పైకి చెమరుస్తుంది. పోసిన పిదప ఒకటి రెండు వారాలు ఆగాలి. పైగా ఒంటికి పూసుకొనే అత్తరు వేరు, కొవ్వొత్తికి తగిన తైలం వేరు.

ఈసారి బజారులో కొన్న మల్లె తైలాన్ని కాటాపై తూచి కలిపాను. 10 దినాలు ఆగి వెలిగించాను. ఇల్లు పరిమళించింది, కాని అది నాన్నగారి వాసన కాదు. మిగిలిన సగం సీసాను భద్రపరచుకొన్నాను. శుక్రవారం దూదిమీద ఒక్క చుక్క చాలు.

విద్యార్థులారా! ప్రేమ ఒక్కటే చాలదు. పని తెలియాలి, ఆగడం తెలియాలి. తొందరపాటున నేను పోగొట్టుకొన్నది ఏ బజారులోనూ దొరకదు.