చేతినిండా చిల్లిగవ్వలు!

మన సినిమాల్లో సముద్రం ఎప్పుడొస్తుందో మీకు తెలియంది కాదు. హీరో హీరోయిన్లు ప్రేమలో పడగానే వస్తుంది. పెద్దలు కాదనగానే మళ్లీ వస్తుంది. 1978లో ‘మరోచరిత్ర’ వచ్చాక విశాఖ, భీమిలి తీరాలు కుర్రకారుకి పుణ్యక్షేత్రాలే అయిపోయాయి. అయితే ఒక్క సంగతి గమనించారా? కెమెరా కెరటాల్ని చూస్తుంది, ఆకాశాన్ని చూస్తుంది, కమల్‌హాసన్‌నీ సరితనీ చూస్తుంది. వాళ్ల కాళ్ల కింద ఇసుకని మాత్రం చూడదు. ఆ పరుగులకి హడలిపోయి ఎన్ని ఎండ్రకాయలు బొరియల్లో దూరాయో ఏ డైరెక్టరూ క్లోజప్ తీసిన పాపాన పోలేదు!

ఆ క్లోజప్ నేను మొన్న సంక్రాంతికి చూశాను. చూపించింది మా మేనకోడలు.

మా అక్క అత్తవారిది కొండకర్ల. అనకాపల్లి పక్కన. పండక్కి వెళ్లిన నన్ను మేనకోడలు గుమ్మంలోనే పట్టుకుంది. ఇంటర్ చదువుతోంది, సినిమాలంటే ప్రాణం. ఏదో పాత సినిమాలో విలన్ డెన్ గుమ్మానికి గవ్వల తెర వేలాడుతుంటే చూసిందట. అలాంటిది తన గదికి కావాలట. కొనిపెట్టడానికి ఫ్రీలాన్సు రాతగాడైన మావయ్య చేతిలో చిల్లిగవ్వ ఉండదని దానికి బాగా తెలుసు. అందుకే, “కొనక్కర్లేదు మావయ్యా, ఏరుకుందాం. సాయంత్రం నేనే నీకు సినిమా చూపిస్తా” అంది. అనకాపల్లిలో కొత్త సినిమా ఫస్ట్ షోకి రెండు టిక్కెట్లు తన డబ్బుల్తో ఫోన్‌లోనే బుక్ చేసేసింది కూడా. ఇంత గౌరవం నాకు ఏ పత్రికా ఇవ్వలేదు.

తెల్లారి కొండకర్ల ఆవ దగ్గరికి వెళ్లాం. చూడనివాళ్ల కోసం చెబుతున్నా. కొండల నడుమ మంచినీటి సరస్సు, నీళ్లమీద తామరాకులు, వాటి మీద కాళ్లు తడవకుండా నడిచే పక్షులు. రెండు తాటి మొద్దుల్ని తొలిచి జత కట్టిన దోనెల మీద తిప్పుతారు. ఒడ్డున ఒక నత్తగుల్ల కొంగ నిలబడి ఉంది. దాని ముక్కు మధ్యలో ఎప్పుడూ సందు ఉంటుంది, పూర్తిగా మూసుకోదు. బురదలోంచి నత్తని పట్టి, గుల్ల పగలగొట్టకుండానే లోపలి మాంసం లాగేసి, డొల్లని అక్కడే వదిలేస్తుంది. కాళ్ల దగ్గర అలాంటి డొల్లలు బోలెడు. “ఇవి కట్టుకోవే” అన్నాను. “చీ, ఇవి గవ్వల్లా లేవు” అంది మా అమ్మాయి. గవ్వలంటే సముద్రానివే! నిజానికి గవ్వ వేరు, గుల్ల వేరు, ఆల్చిప్ప వేరు. కానీ ఒడ్డున దొరికే ప్రతిదాన్నీ గవ్వే అంటాం కదా, నేనూ అలాగే రాస్తాను.

సముద్రానికి వెళ్లాలంటే వేళ చూసుకోవాలి. పోటు మీద వెళ్తే కాళ్లు తడవడం తప్ప ఏమీ ఉండదు. పాటు మీద వెళ్లాలి. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. ఏ రోజుకారోజు పాటు వేళ ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతుంటుంది. మేం వెళ్లింది అమావాస్య వెళ్లిన మర్నాడు. మధ్యాహ్నం రెండు దాటాక నీళ్లు బాగా తగ్గుతాయని అక్కడి కుర్రాడొకడు చెప్పాడు. అచ్యుతాపురం వెళ్లి, సెజ్ బస్సుల మధ్యనుంచి ఇంకో ఆటో పట్టుకుని పూడిమడక చేరాం. 2025 జనవరిలో ప్రధానమంత్రి గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారే, ఆ పూడిమడకే. అయితే ఊరు ఇప్పటికీ పడవలదీ, వలలదీ, ఎండుచేపల వాసనదీ.

తడి ఇసుక మీద మొదటి పావుగంట మా అమ్మాయి కేకలే కేకలు. గోరంత ఆల్చిప్పలు కెరటంతోపాటు గుంపుగా పైకొచ్చి, అది వెనక్కి పోగానే చటుక్కున ఇసుకలో దూరిపోయేవి. ఇంతకుముందు అవి ఒట్టి చిప్పలనుకున్నాను. ఒక చిన్న కాలు చాపి ఇసుకని తవ్వుకుంటాయని వంగి చూస్తే గానీ తెలియలేదు. పగిలిన కుండ అంచులా, చొక్కా కాలరులా ఉన్న ఇసుక పట్టీ ఒకటి దొరికింది. ప్లాస్టిక్ చెత్త అనుకుని విసిరేయబోయాను. అది గుడ్ల పట్టీ! ఒకరకం నత్త తన గుడ్లని జిగురుతో ఇసుకలో కలిపి అలా కాలరులా చుట్టి పెడుతుంది. ఆ నత్తనే ఇంగ్లీషువాళ్లు మూన్ స్నెయిల్ అంటారు. దీన్ని గుర్తుంచుకోండి, ఈ కథలో విలన్ ఇదే.

“మావయ్యా, మన పని తేలికైపోయింది. వీటికి ముందే చిల్లులున్నాయి!” అంది అమ్మాయి. నిజమే. నాలుగైదు చిప్పలకొకటి చొప్పున గుండ్రటి చిల్లు, బెజ్జం వేసే కంసాలి కూర్చుని వేసినంత నున్నగా ఉంది. దారం ఎక్కించడమే తరువాయి. దేవుడి దయ అనుకుంది. కాదమ్మా, అది హత్య!

మూన్ స్నెయిల్ ఇసుక అడుగునే పాక్కుంటూ వెళ్లి ఆల్చిప్పని పట్టుకుంటుంది. తన వెడల్పాటి కాలితో దాన్ని దుప్పటి కప్పినట్టు చుట్టేస్తుంది. నాలుక మీది ఆకురాయిలాంటి పళ్లతో కాసేపు గీరుతుంది. తర్వాత ఆమ్లం వదిలి చిప్పని మెత్తబరుస్తుంది, మళ్లీ గీరుతుంది. ఇలా గంటల తరబడి సాగుతుంది. లోపలున్నది తలుపులు బిగించుకుని కూర్చుంటుంది. చివరికి చిల్లు పడుతుంది. అందులోంచి తొండం పెట్టి లోపల ఉన్నదంతా తినేస్తుంది. చిల్లు బయట వెడల్పుగా, లోపలికి పోనుపోను సన్నగా ఉంటే అది దీని పనే అని అర్థం. ఏ డిటెక్టివ్ సినిమాలోనైనా ఇంత మంచి వేలిముద్ర దొరికిందా? ఇవి ఒకదాన్నొకటి కూడా తింటాయి. మా చేతికి దొరికిన ఒక మూన్ స్నెయిల్ గుల్లకే చక్కటి చిల్లు ఉంది. విలన్‌ని చంపిన విలన్ అన్నమాట.

చిల్లిగవ్వ అంటే దేనికీ కొరగానిదని మనం తిట్టుకుంటాం. దాని వెనక ఇంత పెద్ద కథ ఉంటుందని ఎవరనుకుంటారు?

సంచి సగం నిండింది. చిల్లున్నవి, లేనివి, చారల శంఖాలు, అన్నీ వేసేస్తున్నాం. మా అమ్మాయి ఒక పెద్ద శంఖం చెవి దగ్గర పెట్టుకుని సముద్రం హోరు వింటున్న హీరోయిన్‌లా ఫోజు పెట్టింది, నేను ఫోటో తీశాను. (ఆ హోరు సముద్రానిది కాదు. చుట్టూ ఉన్న చప్పుళ్లే డొల్లలో తిరిగి మారుమోగుతాయి. ఇంట్లో గ్లాసు పెట్టుకున్నా వినిపిస్తుంది. పాటలు రాసే కవులు మన్నించాలి.)

వలలు ఆరబెడుతున్న ఒక మామ్మ మమ్మల్ని చాలాసేపటినుంచి చూస్తోంది. దగ్గరికొచ్చి సంచిలోకి తొంగి చూసింది.

“ఏటి బాబూ, పానాలతోటే అట్టుకెల్తన్నారేటి?”

“ఒట్టి గుల్లలే కదా మామ్మా!”

“ఒట్టియా? ఒక్క నిమసం ఊరుకోండి. మాటాడకండి.”

చారల శంఖాలు నాలుగు తీసి తడి ఇసుక మీద పెట్టింది. ఊపిరి బిగబట్టి చూశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి కాస్త ఊగింది. ఆవగింజల్లాంటి రెండు కళ్లు, ఒక చిన్న డెక్క బయటికొచ్చాయి. నాలుగింట్లో మూడు నడక మొదలెట్టాయి!

అవి సన్యాసి పీతలు. పేరుకి సన్యాసులే గానీ ఇంటి గొడవ లేని రోజు ఉండదు వాటికి. వెనక భాగం మెత్తగా ఉంటుంది, దానికి కవచం లేదు. అందుకని చచ్చిన నత్తల గుల్లల్లో అద్దెలేని కాపురం పెడతాయి. ఒళ్లు పెరిగితే ఇల్లు చాలదు, ఇంకో గుల్ల వెతుక్కోవాలి. ఒక మంచి గుల్ల ఖాళీగా దొరికితే పెద్దా చిన్నా వరసగా చేరతాయి. పెద్దది కొత్తింట్లోకి మారగానే దాని పాతింట్లోకి రెండోది, రెండోదాని ఇంట్లోకి మూడోది! మనం అందంగా ఉందని ఏరి తెచ్చుకున్న ఖాళీ శంఖం కూడా ఎవరో ఒకరి కాబోయే ఇల్లే.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఎనిమిదో తరగతిలో స్కూలు ఎక్స్‌కర్షన్‌కి వెళ్లి, నిక్కరు జేబుల నిండా గుల్లలు తెచ్చి ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. మూడోనాటికి ఇల్లంతా కుళ్లు కంపు. అమ్మ తిడుతూ పెట్టె పెరట్లో కుమ్మరించింది. “సముద్రం గవ్వలకి వాసనుంటుందిలే” అని నేనే సర్దిచెప్పాను. ఆ మాటే ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాను. ఆ పెట్టెలో రాత్రుళ్లు టకటకమని చప్పుడయ్యేది. ఎలక అనుకున్నాను.

ఈ సంగతి మేనకోడలికి చెప్పలేదు. ఇప్పుడిది చదివి తెలుసుకుంటుంది.

ఇద్దరం కూర్చుని సంచంతా తిరగబోశాం. ప్రాణమున్నవీ, శంఖాలూ నీటి అంచున వదిలేశాం. చిల్లులున్న చిప్పలు మాత్రం ఉంచుకున్నాం. ఆ కాపురాలు ఎలాగూ కూలిపోయాయి. అన్నట్టు, ఏరుకోవడంలో చట్టం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో 2001లో కొన్ని సముద్రపు గుల్లల్నీ చేర్చారు. నాటిలస్ వంటివి ఇంట్లో షోకేసులో పెట్టుకుంటే నేరమే. బీచ్ కొట్లలో నిగనిగలాడే పెద్ద శంఖం కనిపిస్తే పర్సు తీసేముందు కాస్త ఆలోచించండి.

తిరిగి వస్తుంటే చచ్చిన తాబేలొకటి ఒడ్డున పడి ఉంది. ఆలివ్ రిడ్లీ. ఈ రోజుల్లోనే ఇవి గుడ్లు పెట్టడానికి మన తీరానికొస్తాయి. ఊపిరి కోసం నీళ్లపైకి రావాల్సిన జీవి, వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుంది. మా అమ్మాయి ఫోన్ తీసి మళ్లీ లోపల పెట్టేసింది.

అచ్యుతాపురం జంక్షన్‌లో అనకాపల్లి బస్సు కోసం నిలబడేసరికి అయిదున్నర. షో ఆరున్నరకి. అప్పుడు సంచిలో టకటకమంది. ఒళ్లు జల్లుమంది నాకు! చిప్పల మధ్య గోళీకాయంత శంఖం ఒకటి మిగిలిపోయింది.

“దార్లోనే కదా మావయ్యా ఆవ. అందులో వదిలేద్దాం. సినిమా టైముకి వెళ్లిపోతాం” అంది.

“అది మంచినీళ్లే. ఉప్పునీటి పీత అందులో బతకదు.”

బస్సు వచ్చింది. ఆగింది. మా అమ్మాయి బస్సు వంక చూసింది, సంచి వంక చూసింది. బస్సు వెళ్లిపోయింది.

పూడిమడకకి రానూపోనూ ఆటో మాట్లాడాను. నా దగ్గరున్న ఆఖరి నోటు దానికే సరిపోయింది. చేరేసరికి చీకటి పడింది, నీరు మళ్లీ పైకొస్తోంది. ఫోన్ టార్చి వెలుగులో శంఖాన్ని తడి ఇసుక మీద పెట్టి గొంతుకు కూర్చున్నాం. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. కదల్లేదు.

“చచ్చిపోయిందా మావయ్యా?”

“మాటాడకు.”

కాసేపాగి టైము చూసింది. “ఈపాటికి హీరో ఎంట్రీ అయిపోయుంటుంది” అంది నెమ్మదిగా.

అప్పుడు గుల్ల ఊగింది. కళ్లు వచ్చాయి, డెక్క వచ్చింది, కాళ్లు వచ్చాయి. మా వంక తిరక్కుండా నీళ్లవైపు బయల్దేరింది. కెరటం వచ్చి వెళ్లాక టార్చి వేసి చూస్తే అక్కడ లేదు. రోడ్డు మీంచి ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నాడు.