పన్ను పీకకముందే వేసుకోవాల్సిన లెక్క

సంక్రాంతి వెళ్ళిన వారంలో మా బాబాయికి తోడుగా అమలాపురంలో ఒక పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. బాబాయిది మలికిపురం, పని కువైట్‌లో. నెలన్నర సెలవు మీద వచ్చాడు. కింది దవడలో నమిలే పన్ను ఒకటి నిలువునా చీలిపోయింది. దాన్ని పీకించేసి, ఆ చోటే ఇంప్లాంట్, అంటే ఎముకలోకి స్క్రూ దింపి దాని మీద కట్టే పన్ను, వేయించుకుని విమానం ఎక్కెయ్యాలని ఆయన పట్టుదల. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో చాలామందిది ఇదే వరస. ఒకరు దోహా, ఒకరు మస్కట్, అందరికీ తిరుగు టికెట్ తేదీ ఖాయమైపోయి ఉంది.

డాక్టరమ్మ నోరు తెరవమనకముందే అడిగిన మాట: "ఎన్నాళ్ళుంటారండీ?"

"ఆయ్, ఫిబ్రవరి ఆఖరుకి ఎల్లిపోవాలండీ."

ఆవిడ స్కాన్ తీయించి, తెర మీద ఎముకను చూపించారు. వేరు చివర నల్లటి మచ్చ, అంటే చీము. పీకిన రోజే ఇంప్లాంట్ దింపాలంటే మూడు కుదరాలట. పంటి గుంత చుట్టూ ఎముక గోడ చెక్కుచెదరకుండా ఉండాలి. చీము ఉండకూడదు. గుంత దాటి లోపలున్న గట్టి ఎముకలో స్క్రూ బిగుసుకోవాలి. ముందు పళ్ళకి, అదీ ఎంచి చూసుకున్నవాళ్ళకి, ఇది చక్కగా కుదురుతుంది. రెండు వేళ్ళున్న దవడ పన్ను వదిలిన గుంత వెడల్పు. స్క్రూకి అందులో పట్టు దొరకడం కష్టం. పైగా బాబాయికి చీము ఉంది. ఆ రోజే వేయడం కుదరదని ఆవిడ నిక్కచ్చిగా చెప్పేశారు.

మరి ఎప్పుడు? వైద్యులు దీన్ని నాలుగు అదనులుగా చెబుతారు. పీకిన రోజే ఒకటి. చిగురు మూసుకున్నాక, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో రెండోది. గుంతలో ఎముక కొంత నిండాక, మూడు నాలుగు నెలలకి మూడోది. పూర్తిగా మానాక, ఆరు నెలలు దాటి నాలుగోది. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ మొదటి మనిషికి టైటానియం స్క్రూలు అమర్చిన కాలంలో గుంత పూర్తిగా మానేదాకా ఆగడమే పద్ధతి. స్క్రూ దింపాక కూడా కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు బరువు పడనిచ్చేవారు కాదు. స్క్రూల తయారీ మెరుగుపడ్డాక ఆ గడువులు తగ్గాయి. అయినా ఎముక స్క్రూని పట్టుకోవడానికి వారాలు పడుతుందన్నది మాత్రం మారలేదు.

ఆగడమే మంచిదైతే ఎన్నాళ్ళైనా ఆగొచ్చా అంటే, అదీ కాదు. పన్ను పోయిన చోట ఎముక, గోదావరి కోసేసిన లంక గట్టులా బయటివైపు నుంచి తరిగిపోతుంది. 2003లో డెన్మార్క్‌లో 46 మందిని ఏడాది పాటు గమనించి ప్రచురించిన అధ్యయనంలో ఆ చోట ఎముక వెడల్పు సుమారు సగానికి పడిపోయింది. అందులో మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే.

ఆ తరుగుదల ఏం చేస్తుందో బెంచీ మీదే కనబడింది. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఏళ్ళ కిందట పన్ను పీకించుకున్నారు. తర్వాత ఏం చేయాలో అప్పుడు ఎవరూ చెప్పలేదట. ఇప్పుడు అక్కడ ఎముక సన్నబడిపోయింది, పక్క పన్ను ఖాళీలోకి ఒరిగింది. ముందు ఎముక పెంచే ఆపరేషన్, ఆ తర్వాతే ఇంప్లాంట్. ఖర్చు పెరిగింది, నెలలూ పెరిగాయి. ఆవిడ మాట వింటుంటే నాకు బాధేసింది. పీకిన రోజున ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పుంటే సరిపోయేది.

బాబాయికి డాక్టరమ్మ వేసిన లెక్క ఇది. ఈ సెలవులో పన్ను పీకి, చీము శుభ్రం చేసి, గుంతలో ఎముక పొడి నింపి కుట్టేస్తారు. దానివల్ల తరుగుదల ఆగదు గాని తగ్గుతుంది. పక్క పళ్ళు ఒరగకుండా పెట్టి తీసుకునే కట్టుడు పన్ను ఇస్తారు. వచ్చే సెలవులో, దిగిన వారంలోనే స్క్రూ. గట్టిగా పట్టుకుంటే సెలవు చివర్లో క్యాపు, లేకపోతే ఆ పై సెలవుకి. బరువు పడకుండా చిగురు కింద స్క్రూ ఏడాది ఉన్నా నష్టం లేదన్నారు. మూడు నెలల సగటు షుగరు అదుపులో ఉండాలని, పొగ మానాలని గట్టిగా చెప్పారు. ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు వాడుతుంటే పీకించుకునే ముందే చెప్పి తీరాలట. ఆ మందులు వాడేవాళ్ళలో కొందరికి పీకిన చోట దవడ ఎముక మానదు.

బాబాయి ముఖం చిన్నబోయింది, కానీ ఒప్పుకున్నాడు. నా మటుకు నాకు, ఆ రోజే వేసేస్తామని చెప్పే వైద్యుడికంటే కాదని కారణం చెప్పే వైద్యుడి మీదే నమ్మకం. ఇంకొకరి మాట వినాలంటే అమలాపురంలోనే కిమ్స్ దంత వైద్య కళాశాల ఉంది. రాజోలు వాళ్ళు చించినాడ వంతెన దాటితే భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది.

సెలవు మీద వచ్చే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ నా విన్నపం ఒక్కటే. పళ్ళ డాక్టరు దగ్గరికి ఊళ్ళో దిగిన వారంలోనే వెళ్ళండి, చివరి వారానికి వాయిదా వేయకండి. పన్ను పీకించుకునే ముందే, ఈ చోట మళ్ళీ పన్ను ఎప్పుడు, ఎలా పెడతారని అడిగి, తేదీలతో సహా కాగితం మీద రాయించుకోండి.